నూట నలభై అడుగులు

టొరంటో,
1999 సెప్టెంబరు 19

దార్కా,

ఫోన్ చేయొచ్చుగా అని నువ్వు సణుక్కుంటావని తెలుసు. మనిద్దరం ఫోనెత్తితే మూడో నిమిషానికి పోట్లాట, నాలుగో నిమిషానికి ఎవరో ఒకరం ఠక్కున పెట్టేయడం. కాగితాన్ని అలా పెట్టేయలేం కదా. అందుకని రాస్తున్నాను.

నేను బాగానే ఉన్నాను. ఐరీన్ పోయి రెండేళ్లవుతున్నా ఇంకా ఇద్దరికి సరిపడా వండుతున్నాను. నువ్వు పంపిన బీట్రూట్ పచ్చడి మొన్నటితో అయిపోయింది. సీసా కడిగి దాచాను, వచ్చేటప్పుడు తెస్తాను.

అసలు సంగతికి వస్తాను. వచ్చే ఏడాది నేను రిటైరవుతున్నాను. ఈలోపు మా వాతావరణ ఆఫీసు నాకు చివరి పనొకటి అప్పగించింది. మన ప్రెయిరీ గడ్డిమైదానాల ప్రాంతమంతటా ఏడాది సగటు ఉష్ణోగ్రత ఇన్ని దశాబ్దాల్లో ఎంత మారిందో తేల్చాలి. దానికి అరవై ఏళ్లకు పైగా ఆగకుండా రీడింగులు తీసిన స్టేషన్లు కావాలి. అలాంటివి వేళ్లమీద లెక్కపెట్టేన్ని ఉన్నాయి. వాటిలో మన ఇల్లొకటి. 1936 నుంచి నాన్న, ఆయన పోయిన 94 నుంచి నువ్వు. ఒక్క నెల కాగితం కూడా ఎగ్గొట్టలేదు మీరు.

ఒక్కటే చిక్కు. చుట్టుపక్కల అయిదు స్టేషన్లతో మనది కలిపి చూస్తే, 84 అక్టోబరు దాకా ఆరూ కలిసి నడిచాయి. చలి పెరిగితే అన్నింటికీ పెరిగేది, తగ్గితే అన్నింటికీ తగ్గేది. ఆ నెల నుంచి మనదొక్కటే మిగతావాటికంటే అర డిగ్రీకి పైగా వెచ్చగా ఉంటోంది. ఇవాళ్టికీ అంతే. కారణం తేలకపోతే ఆ అంకెల్ని సరిచేయాలి, లేదా మన స్టేషన్‌ని జాబితాలోంచి తీసేయాలి.

అప్పటికి నాన్నకి డెబ్బై రెండు. చూపు ఆనేది కాదేమో. అంకెలు ఉజ్జాయింపుగా వేసేవాడేమో. నీకేమైనా తెలుసా?

అన్నయ్య
బోహ్దాన్

*

కనోరా,
1999 అక్టోబరు 3

టొరంటో ఆఫీసరుగారికి,

మీ ఉత్తరం అందింది. బీట్రూట్ పచ్చడి కూడా ఉజ్జాయింపుగా చేసిందే, తినేముందు ఎవరిచేతనైనా సరిచేయించుకోవాల్సింది.

నాన్న చూపు సంగతి నన్నడుగుతున్నావా? ఎనభయ్యోపడిలో కూడా అరమైలు దూరంలో మేస్తున్నది మన ఆవో పక్క పొలం ఒనుఫ్రీ బాబాయి ఆవో చెప్పేవాడు. నా పెళ్లిరోజు గుర్తుందా? ఫాదర్ మా తలల మీద పెట్టే పెళ్లి కిరీటాలు పట్టుకుని నిలబడి ఉంటే, అయిదు కొట్టగానే నాన్న చర్చిలోంచి లేచి వెళ్లిపోయాడు, రీడింగుకి. మా ఆయన రోమన్ వాళ్లమ్మ ఆ మాట పోయేదాకా ఎత్తిపొడిచింది. అమ్మని పాతిపెట్టిన రోజు పొద్దున ఎనిమిదికి కూడా ఆయన ఆ థర్మామీటర్ల తెల్ల పెట్టె తలుపు తీశాడు. నువ్వు అప్పుడు కిటికీలోంచి చూస్తూ ఉన్నావు, నేనూ ఉన్నాను. అలాంటి మనిషి ఉజ్జాయింపుగా రాశాడంటావా?

యాభై ఎనిమిదేళ్లు. జీతం లేదు, బత్తెం లేదు. ఆఫీసువాళ్లిచ్చిన ఇత్తడి బిళ్ల ఒకటి గోడకి వేలాడుతోంది. తను పోయాక కొడుకే కూర్చుని అంకెలు కొట్టేస్తాడని తెలిస్తే ఆ పాదరసం ఏ బావిలోనో పారబోసి ఉండేవాడు.

బంగాళాదుంపలు తవ్వుతున్నాను. పొలం కౌలుకిచ్చాక నాకు మిగిలింది ఈ దొడ్డే. నిన్నటికి పదకొండు బస్తాలు. తినేవాళ్లు లేరు, అయినా తవ్వడం మానలేం కదా.

దార్కా

*

టొరంటో,
1999 అక్టోబరు 18

దార్కా,

నీ కోపం న్యాయమే. చూపు సంగతి నేనలా రాయకుండా ఉండాల్సింది. తప్పు ఒప్పుకుంటున్నాను.

నాన్న అబద్ధం రాశాడని నేననలేదు. అబద్ధం రాసే మనిషి అంకెలు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ ఉంటాయి. ఇది అలా లేదు. ఒక నెలలో మెట్టెక్కి, పదిహేనేళ్లుగా ఆ మెట్టు మీదే నిలబడింది. ముఖ్యంగా చలికాలం రాత్రుళ్లు. ఇలాంటివి చాలాచోట్ల చూశాను. పెట్టె చోటు మారినా, పక్కన కొత్త కొట్టం కట్టినా, దగ్గర్లోని నీడ చెట్లు కొట్టేసినా ఇలాగే అవుతుంది. అప్పుడు థర్మామీటరూ తప్పు కాదు, చదివిన మనిషీ తప్పు కాదు.

మన చిన్నప్పుడు పెట్టె దొడ్డి చివర కరగానా పొదల కంచె దగ్గర ఉండేది. నేను అయిదింటి రీడింగుకి పరుగెత్తేది అక్కడికే. నేను వెళ్లిపోయాక నీ వంతు వచ్చింది. నీ పెళ్లయ్యాక ఆ సాయంత్రం పని మళ్లీ నాన్న మీదే పడింది. ఇప్పుడది ఇంటికి ఆనుకున్న వేసవి వంటిల్లు పక్కన ఉంది. ఎప్పుడు జరిగింది? 91లో తనిఖీకి వచ్చినాయన అది ఎప్పుడూ అక్కడే ఉన్నట్టు రాసుకుపోయాడు. చోటు మారిస్తే ఫారం నింపి పంపాలి. అలాంటి ఫారం మా దగ్గర లేదు. నాన్న నియమం తప్పడం నేనూ నమ్మలేకపోతున్నాను.

ఇంకొకటి. పోయిన నెల 29, 30 సాయంత్రాల గళ్లు ఖాళీగా ఉన్నాయని మన కాగితాలు అందుకునే రెజైనా ఆఫీసువాళ్లు చెప్పారు. ఖాళీ గళ్లు వదలకు. ఒక్క గడి పోయినా నెల సగటు కుంటుతుంది.

బోహ్దాన్

*

కనోరా,
1999 నవంబరు 14

అన్నయ్యా,

ఖాళీ గళ్ల గురించి ముందు: దుంపల పనిలో అలిసిపోయి సోఫాలో నిద్రపోయాను. చాలా, సంజాయిషీ? ఫారం ఉంటే పంపు, సంతకం పెడతాను.

నీ మాట పట్టుకుని కనోరాలో ఒనుఫ్రీ బాబాయిని చూడ్డానికి వెళ్లాను. ఇప్పుడాయన వృద్ధాశ్రమంలో ఉన్నాడు. ఎనభై అయిదేళ్లు. చెవులు వినపడవు కానీ, తనకి కావలసినవి వినపడతాయి.

"బాబాయ్, 84లో నాన్న ఆ తెల్ల పెట్టెని జరిపాడా?" అని అడిగాను.

"ఏ పెట్టె?"

"థర్మామీటర్ల పెట్టె."

"ఇవాళ సూప్‌లో ఉప్పు లేదు," అన్నాడు.

నేను కుర్చీ దగ్గరికి లాక్కుని చెవిలో అరిచాను. ఆయన చెంచా కింద పెట్టి, "నేను ఒట్టేశాను పిల్లా. మీ నాన్న నాచేత మా అమ్మ మీద ఒట్టు వేయించుకున్నాడు," అన్నాడు.

"ఎవరికి చెప్పకూడదని?"

"మీ అన్నకి. బోహ్దాన్‌కి తెలియకూడదని."

అంతే. ఇంకేమడిగినా సూప్ గురించే చెప్పాడు. ఒకటి మాత్రం ఒప్పుకున్నాడు. ఆ అక్టోబరులో తన ట్రాక్టరుకి కట్టి పెట్టెని కాళ్లతో సహా ఇంటి పక్కకి లాక్కొచ్చింది ఇద్దరూ కలిసే. ఇంటికొచ్చి చూస్తే కరగానా కంచె పక్కన నాలుగు గుంటలు ఇంకా ఉన్నాయి, గడ్డి కప్పేసింది.

కాబట్టి నువ్వు గెలిచావు. నాన్న చోటు మార్చాడు, ఫారం పంపలేదు. ఎందుకు పంపలేదో కూడా తెలిసింది. నీకు భయపడ్డాడు. ఇంటిల్లిపాదినీ కనుసైగతో ఆడించిన మనిషి, కొడుకు పెద్ద ఆఫీసులో కూర్చున్నాడని ముసలితనంలో వాడికి జడిసి దొంగలా దాచుకున్నాడు. నీ చివరి పనిలో అది కూడా రాసుకో.

మంచి కూడా ఒకటుంది. కాఫీ హోటల్లో ఈ మాట చెప్తే అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. రేడియోలో అస్తమానం చెప్పే వేడి కాస్తా మన మిఖాయిలో, అదే నాన్న, పెట్టె జరపడం వల్లేనన్నమాట అని నవ్వారు. నేనూ నవ్వాను. చెరువు ఇదివరకులా అక్టోబరు చివర హాలోవీన్‌కి గడ్డకట్టడం లేదని బెంగపడేదాన్ని. ఇక బెంగలేదు.

దార్కా

*

టొరంటో,
1999 డిసెంబరు 5

దార్కా,

నీ ఉత్తరం చదివి రెండు వారాలు కాగితం ముట్టుకోలేదు. నాన్న నాకు భయపడ్డాడన్న మాట ముల్లులా గుచ్చుకుంది. నేను ఆయన్ని ఎప్పుడు భయపెట్టానో ఎంత వెతుక్కున్నా దొరకలేదు. ఒక్కటి గుర్తొచ్చింది. 83 క్రిస్మస్‌కి వచ్చినప్పుడు భోజనాల దగ్గర, స్టేషన్ మార్పుల ఫారాలు ఇకమీదట నా బల్ల మీదికే వస్తాయని గొప్పలు పోయాను. నియమం తప్పిన ముసలాళ్ల గురించి నవ్వుతూ కథలు చెప్పాను. నాన్న కూడా నవ్వాడు. ఆ నవ్వు ఇప్పుడు వేరేలా కనపడుతోంది.

కాఫీ హోటల్లో నవ్వినవాళ్లకి మాత్రం నిజం చెప్పు. చెరువు గడ్డకట్టకపోవడానికి మన పెట్టెతో సంబంధం లేదు. చెరువుకి థర్మామీటరు చదవడం రాదు. మిగతా అయిదు స్టేషన్ల పెట్టెలు ఎక్కడివక్కడే ఉన్నాయి, అవి కూడా వేడెక్కాయి. మొదటి పదిహేనేళ్ల సగటు, చివరి పదిహేనేళ్ల సగటు తీసుకుంటే మన ఇంటి దగ్గర తేడా ఒకటీ పాయింట్ ఏడు డిగ్రీలు. అందులో పెట్టె వాటా ఎంతో, గాలి వాటా ఎంతో విడదీయాలి. అదే నా పని.

విడదీయడానికి దారి ఉంది. ఇంకో పెట్టె పంపిస్తాను. పాత చోట, ఆ నాలుగు గుంటల్లోనే నిలబెట్టు. ఏడాదిపాటు రెండూ చదువు, పొద్దున ఎనిమిదికి, సాయంత్రం అయిదుకి. రెండింటి మధ్య తేడానే నాన్న జరిపిన తేడా. అప్పుడు ఆయన అంకెల్ని కొట్టేయక్కర్లేదు, స్టేషన్‌ని తీసేయక్కర్లేదు.

నడక ఎక్కువవుతుంది, చలి కూడా. నీకు కుదురుతుందా?

మార్పు ఫారం నేనే నింపుతాను, పదిహేనేళ్లు ఆలస్యంగా. అందులో 'కారణం' అని ఒక గడి ఉంది. ఖాళీగా వదలడం నాకిష్టం లేదు.

అన్నయ్య

*

కనోరా,
2000 జనవరి 16

అన్నయ్యా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

క్రిస్మస్ ముందు సాయంత్రం మామూలుగానే జరిపాను. జనవరి ఆరో తేదీ, మన పాత పంచాంగం లెక్కన. పన్నెండు వంటకాలు ఒక్కదాన్నే చేయలేక ఏడింటితో సరిపెట్టాను. పోయినవాళ్ల కోసం ఖాళీ కంచం పెట్టాను. ఈసారి ఎందుకో రెండు పెట్టాలనిపించి రెండు పెట్టాను. మర్నాడు కుత్యా గిన్నెలో పోసి బాబాయికి తీసుకెళ్లాను. గోధుమలు, తేనె, గసగసాలు నోట్లో పడగానే ఆయన ఏడ్చేశాడు. పరాస్కా చేతి కుత్యాలాగే ఉందన్నాడు. అమ్మ పేరు ఆయన నోట విని చాలా ఏళ్లయింది.

నేను అప్పుడు నా బాధ వెళ్లగక్కాను. "నాన్న తనకి భయపడ్డాడని అన్నయ్యకి రాశాను బాబాయ్. తన మనసు విరిగింది."

"భయమా? మిఖాయిలోకా?" అన్నాడు. "నీకు బుద్ధుందా పిల్లా? వాడు తుఫానుకే భయపడలేదు. అది మీ అమ్మ కోసం."

ఆ తర్వాత చెప్పాడు. ఒట్టు సంగతడిగితే, వాళ్లమ్మ తననెప్పుడో మన్నించి ఉంటుందిలే అన్నాడు.

నా పెళ్లయ్యాక సాయంత్రం రీడింగు నాన్న తీసుకున్నాడని మనం అనుకున్నాం. కాదు. అమ్మ తీసుకుంది. 68 నుంచి. మనం పండగలకి వచ్చినప్పుడు ఆమె పొయ్యి దగ్గర ఉండేది కాబట్టి నాన్న వెళ్లేవాడు, మనం అదే చూశాం. నెలకొకటి చొప్పున ఉల్లి డొప్పల్లో ఉప్పు వేసి, తెల్లారి ఏ డొప్పలో ఎంత నీరూరిందో చూసి ఏ నెల వానో చెప్పే మనిషి, ఆమెకి థర్మామీటరు ఏం తెలుసని నాన్నతో కలిసి మనమూ వేళాకోళం చేసేవాళ్లం. ఆమె నవ్వి ఊరుకునేది.

84 వేసవికి ఆమె గుండె పాడైంది. నీరు పట్టేది. కాళ్లు వాచేవి. మనకి చెప్పొద్దంది. తలుపు దగ్గర్నుంచి కరగానా కంచెకి నూట నలభై అడుగులట, ఆమె లెక్కపెట్టుకుంది. మొదట సగం దారిలో ఒకసారి ఆగేది. తర్వాత మూడుసార్లు. అక్టోబరు మొదట్లో ఒకరోజు బాబాయి అటు వస్తే ఆమె తొలి మంచులో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉందట, పెన్సిలు చేతిలో పట్టుకుని. నాన్న నేను తీస్తానే అని ఎంత మొత్తుకున్నా వినలేదు.

ఎందుకో తెలుసా? బాబాయి ఆమె మాటలు అలాగే చెప్పాడు. "ఆ అంకె మా బోహ్దాన్ బల్ల మీదికి వెళ్తుంది. రోజుకొకటి పంపుతున్నాను వాడికి. నా చేతి రాత వాడికి తెలుసు. ఒక గడి ఖాళీ కనిపిస్తే వాడు కంగారు పడతాడు, అమ్మకేమైందని."

అందుకని నాన్న పెట్టెనే ఆమె దగ్గరికి తెచ్చాడు. వంటింటి గడప నుంచి పదకొండు అడుగులు. ఫారం రాయాలంటే కారణం రాయాలి. రాస్తే నీ బల్ల మీదికి వస్తుంది, నీకు తెలిసిపోతుంది. అందుకని రాయలేదు. జీవితంలో నాన్న తప్పిన నియమం అదొక్కటే. ఆయన నీకు భయపడలేదు అన్నయ్యా. నేను రాసినదానికి సిగ్గుపడుతున్నాను.

13న, మన కొత్త సంవత్సరం ముందు రాత్రి, అమ్మలాగే ఉల్లి డొప్పలు పెట్టాను. జులై పొడిగా ఉంది, ఆగస్టు పొడిగా ఉంది. పెట్టె పంపించు. గుంటలు శుభ్రం చేయిస్తాను.

నీ చెల్లి
దార్కా

*

టొరంటో,
2000 ఫిబ్రవరి 9

చెల్లీ,

రెజైనా గోదాములోంచి మన ఇంటి అసలు కాగితాలు తెప్పించాను. ఇరవై ఏడు పెట్టెలు. ఇన్నేళ్లలో వాటిని నేను ముట్టుకోవడం ఇదే మొదటిసారి.

అవును, నువ్వు చదివింది నిజమే. ఇదే మొదటిసారి. అమ్మ అంకెలు నా బల్ల మీదికి ఎప్పుడూ రాలేదు దార్కా. నెల కాగితాలు రెజైనాకి వెళ్లేవి, అక్కడ ఎవరో అమ్మాయిలు వాటిని టైపు చేసేవాళ్లు. నాకు మిషనులోంచి వచ్చిన అంకెలే కనపడేవి, చేతిరాత కనపడేది కాదు. మా వాడు అక్కడ కూర్చుని మా కాగితమే చూస్తాడని అమ్మ చర్చిలో అందరికీ చెప్పుకుంటుంటే నేను పక్కనే నిలబడి విన్నాను. కాదని చెప్పడానికి గొప్ప అడ్డొచ్చింది. ఒక్క మాట చెప్పి ఉంటే ఆమె మంచులో ఆ బకెట్టు మీద కూర్చునేది కాదు.

సాయంత్రం గళ్లు చూశాను. ఏడు అంకెకి నడుం మీద అడ్డగీత, అమ్మ ఉత్తరాల్లో వేసినట్టే. 1968 సెప్టెంబరు నుంచి ఇరవై ఏళ్లు. 87 నుంచి గీత వణకడం మొదలైంది. 89 ఫిబ్రవరి 20 సాయంత్రం మైనస్ ఇరవై ఏడు. ఆ ఏడుకి అడ్డగీత సగమే ఉంది. మర్నాటి గడిలో నాన్న రాత. మనిద్దరికీ ఫోన్ వచ్చింది 21నే కదా.

ఆ రోజు పొద్దున ఎనిమిది గడి కూడా నిండి ఉంది. ఖాళీ లేదు. నేను చాలాసేపు ఆ కాగితం మీద చేయి వేసుకుని కూర్చున్నాను. పక్క బల్ల కుర్రది కాఫీ తెచ్చిపెట్టి వెళ్లింది.

అర డిగ్రీ పైచిలుకు తేడా ఏమిటని సెప్టెంబరులో నిన్ను నిలదీశాను. అది అమ్మ. పదిహేనేళ్లుగా నా ముందే ఉంది, నేను దాన్ని పొరపాటన్నాను.

పెట్టె ఈ వారం లారీలో వస్తుంది. మార్చి ఒకటి నుంచి మొదలుపెట్టు.

అన్నయ్య

*

కనోరా,
2000 ఆగస్టు 6

అన్నయ్యా,

ఉల్లిపాయ గెలిచింది. జులై అంతా చినుకు లేదు, ఆగస్టూ అలాగే ఉంది. మీ ఆఫీసువాళ్లు వానలు బాగుంటాయన్నారుగా, వాళ్లకి పన్నెండు డొప్పలూ చిటికెడు ఉప్పూ పంపించనా?

రిటైరయ్యావన్నమాట. గడియారం ఇచ్చారా, పెన్ను ఇచ్చారా? ఈ లెక్క పూర్తయ్యేదాకా రోజూ వెళ్తున్నానని రాశావు. జీతం లేకుండా పనిచేసేవాళ్లలో మన ఇంట్లో నాలుగో మనిషివయ్యావు.

రెండు పెట్టెలూ చదువుతున్నాను. కంచె దగ్గరిది పొద్దున పూట బాగా చల్లగా ఉంటుంది, గడ్డి తడిగా ఉంటుంది, పిచ్చుకలు గోల చేస్తాయి. అక్కడ నిలబడితే ఇంటి కిటికీ చిన్నగా కనపడుతుంది. నేనూ అడుగులు లెక్కపెట్టాను. నూట యాభై రెండు వచ్చాయి. నా అంగలు అమ్మకంటే చిన్నవి.

ఒనుఫ్రీ బాబాయి మే చివర్లో పోయాడు. ఫోన్లో చెప్పాను కదా. నిద్రలోనే. శవపేటిక మోసినవాళ్లందరికీ అరవై దాటాయి. ఊళ్లో మోయగలిగినవాళ్లు తగ్గిపోయారు.

కాఫీ హోటల్లో నీ మాట చెప్పాను, చెరువుకి థర్మామీటరు చదవడం రాదని. ఈసారి ఎవరూ నవ్వలేదు.

దార్కా

*

టొరంటో,
2001 మార్చి 11

చెల్లీ,

ఏడాది నిండింది. లెక్క తేలింది.

రెండు పెట్టెల మధ్య తేడా సగటున సున్నా పాయింట్ ఆరు డిగ్రీలు. 84 మెట్టు ఎత్తు కూడా అంతే. ఆరు స్టేషన్లూ మళ్లీ కలిసి నడుస్తున్నాయి. మన స్టేషన్ జాబితాలో ఉంటుంది. నాన్నా అమ్మా రాసిన అంకెలు అలాగే ఉంటాయి. పక్కన ఒక వరుసలో ఆ సున్నా పాయింట్ ఆరు తీసేసిన అంకెలు ఉంటాయి, ఎందుకు తీశామో రాసి ఉంటుంది.

ఒకటీ పాయింట్ ఏడులోంచి సున్నా పాయింట్ ఆరు తీసేస్తే ఒకటీ పాయింట్ ఒకటి మిగిలింది. దాన్ని ఏ పెట్టె మీదా తోయలేను. ఎవరి కాళ్ల నొప్పి మీదా తోయలేను. ఎంత వెతికినా దానికి మన ఇంట్లో కారణం లేదు. మన ఊళ్లో కూడా లేదు. ప్రాంతం మొత్తానికి గీసిన గీత కూడా అలాగే పైకి పోతోంది, చలికాలాల్లో మరీను. మన చిన్నప్పుడు మనం పరుగెత్తిన చలి ఇక రాదు దార్కా. కాగితం మీద చూస్తే చిన్న అంకె. నాకు మాత్రం ఒక మనిషి పోయినట్టుంది.

ఫారం నింపాను. నకలు దీనితో పంపుతున్నాను. 'పరిశీలకులు' అన్న చోట ఇద్దరి పేర్లూ రాశాను: మిఖాయిలో, పరాస్కా. 'కారణం' అన్న గడిలో: 'పరిశీలకురాలు అంత దూరం నడవలేకపోయినందువల్ల.' పైవాళ్లు ఇది అవసరమా అన్నారు. అవసరమే అన్నాను.

ఇక ఒక చిన్న మాట. నీ లెక్కలో కంచె దగ్గరి పెట్టెకి సాయంత్రం గళ్లు కొన్ని ఖాళీగా ఉన్నాయి. అక్టోబరులో మూడు, డిసెంబరులో ఆరు, ఫిబ్రవరిలో పదకొండు. ఇంటి పక్క పెట్టెకి మాత్రం ఒక్క గడీ ఖాళీ లేదు. రీడింగులు క్రమం తప్పకుండా

పై వాక్యం సగంలో ఆపేసి అరగంటయింది. కొట్టేయను, అలాగే ఉండనీ. నేనెలాంటివాణ్ణో నాకు గుర్తుండాలి.

దార్కా, దుంపలప్పుడు సోఫాలో నిద్రపోయానన్నావు. అది నిద్రేనా? ఆ నూట యాభై రెండు అడుగులు నువ్వు నడవగలుగుతున్నావా?

అన్నయ్య

*

కనోరా,
2001 మార్చి 21

అన్నయ్యా,

నడవలేకపోతున్నాను.

డాక్టరు అమ్మకి చెప్పిన మాటే చెప్పాడు. 99 శరత్కాలంలోనే మొదలైంది. మందులు అప్పటికంటే మెరుగట, జాగ్రత్తగా ఉంటే చాలా ఏళ్లు నెట్టుకురావచ్చట. ఫిబ్రవరిలో మూడుసార్లు సగం దారిలో కూర్చున్నాను. బకెట్టు మీదే. నాకే నవ్వొచ్చింది, తర్వాత నవ్వు రాలేదు.

నీకు రాయకూడదనుకున్నాను. ఎందుకంటే ఏం చెప్పను, మన ఇంటి అలవాటు. రెండుసార్లు రాసి చించేశాను. ఇంటి పక్క పెట్టెకి లెక్క నింపి కంచె దగ్గరిదానికి ఊహించి అంకె వేయొచ్చు, ఎవరికీ తెలియదు కూడా. పెన్సిలు పట్టుకున్నాను. వేయలేకపోయాను. గడి ఖాళీ వదిలేశాను.

బహుశా నువ్వు చూస్తావని వదిలేశానేమో.

పెట్టెని మాత్రం జరపను. జరిపినా ఈసారి ఫారం రాస్తాను.

దార్కా

*

టొరంటో,
2001 మార్చి 28

చెల్లీ,

పెట్టెని ఎక్కడికీ జరపకు. ఈ ఇల్లు ఖాళీ చేస్తున్నాను. ఏప్రిల్ 6 శుక్రవారం మధ్యాహ్నం బస్సుకి కనోరాలో దిగుతాను. బీట్రూట్ సీసా తెస్తున్నాను.

అయిదింటికల్లా ఇల్లు చేరతాను. సాయంత్రం గడి మొదట నాదే కదా. ఆ రోజు నుంచి నేను నింపుతాను.

బోహ్దాన్